మందును తోడిపోసే కణం

మొదట్లో కీమోకి కరిగిన క్యాన్సర్ గడ్డ కొన్నిసార్లు మళ్లీ పెరుగుతుంది, ఈసారి అదే మందుకు లొంగదు. "ఒంటికి మందు అలవాటైపోయింది" అంటుంటారు. నిజానికి మారింది ఒళ్లు కాదు, గడ్డలోని కణం.

1976లో కెనడాలోని టొరంటోలో జూలియానో, లింగ్ అనే శాస్త్రవేత్తలు కాల్చిసిన్ మందును తట్టుకుని బతికిన హ్యామ్‌స్టర్ కణాలను పరీక్షించారు. వాటి పైపొరలో ఒక ప్రోటీన్ దండిగా కనిపించింది. పేరు పి-గ్లైకోప్రోటీన్. పడవలో చేరిన నీళ్లను తోడిపోసినట్టు, కణంలోకి వచ్చిన మందును ఇది బయటికి తోడేస్తుంది. ఇంకో చిత్రం, దీనికి ఫలానా మందే అన్న పట్టింపు లేదు. మన పెరట్లో పూసే బిళ్లగన్నేరు నుంచి తీసే విన్‌క్రిస్టిన్‌కూ, ఎర్రగా సెలైన్ గొట్టంలో దిగే డాక్సోరూబిసిన్‌కూ ఏ పోలికా లేదు. అయినా రెంటినీ గెంటేస్తుంది. అంటే ఒక మందుకు రాటుదేలిన కణం, తానెన్నడూ చూడని మందుకూ లొంగకపోవచ్చు.

మరి ఆ ప్రోటీన్‌ను ఆపేస్తే? వెరాపమిల్ అనే బీపీ మందుతో ప్రయత్నించారు. ప్రయోగశాలలో భేషుగ్గా పనిచేసింది. రోగులకు వచ్చేసరికి, కావలసినంత మోతాదు ఇస్తే గుండెకే ముప్పొచ్చింది. పైగా పేగుల్లో, కాలేయంలో, కిడ్నీల్లో విషాలను బయటికి పంపేదీ ఇదే ప్రోటీన్! కణాలు ఇలా రాటుదేలకముందే దెబ్బకొట్టాలని, చాలా క్యాన్సర్లలో వేర్వేరు దారుల్లో దెబ్బకొట్టే మందులను డాక్టర్లు మొదటినుంచే కలిపి ఇస్తారు.