గుత్త తీరినను తీరని బాధ్యత
(నూజివీటి పఠనమందిరమున నొక న్యాయవాది కావించిన ఉపన్యాసము)



మన నూజివీటి సీమలో మామిడితోటను గుత్తకు తీసికొనుట యందఱెఱిగినదే. గుత్తదారు కాపు కోసికొనిపోవును. చెట్లును నేలయు యజమానికి మిగులును. పోవుచు వేళ్లలో విషము పోసిపోయిన గుత్తదారును ఏ న్యాయస్థానమును క్షమింపదు. ఈ చిన్న ధర్మమునే నేడొక పెద్ద విషయమునకు అన్వయింపదలచితిని.

కడప జిల్లా వేముల మండలమున తుమ్మలపల్లె యను గ్రామము కలదు. అచట కేంద్రప్రభుత్వ సంస్థయగు యురేనియం కార్పొరేషన్ వారి గనియు, శుద్ధి కర్మాగారమును 2012లో పని మొదలిడినవి. దినమునకు 3,000 టన్నుల ఖనిజమును శుద్ధిచేయుటకై ఆ కర్మాగారము నిర్మింపబడినది. ఆ రాతిలో వేయింట నొక పాలైనను యురేనియము లేదు. కావున మిగిలిన పిప్పి బురదయై, కొట్టాల గ్రామ సమీపమున కట్టిన వ్యర్థముల కొలనులో చేరును.

యురేనియము పోయినదిగదా, ఇంక భయమేల యందురేమో! రాతిలోని కిరణశక్తిలో నూటికి సుమారు 85 పాళ్లు ఆ బురదలోనే నిలుచును. అందలి రేడియము సగమగుటకు 1,600 ఏండ్లు పట్టును. వేంగిలో శాలంకాయనులు ఏలిన నాడు వేఱుపఱచి దాచిన రేడియము నేటికి సగమే తరిగియుండును. బురదలోనైన, సగమగుటకు సుమారు 75,000 ఏండ్లు పట్టు థోరియము దానిని మరల మరల పుట్టించుచునే యుండును.

చుట్టుపట్ల రైతులు తమ బోరుబావుల నీరు చెడినదనియు, అరటితోటలు పాడైనవనియు, చర్మవ్యాధులు కలిగినవనియు మొఱపెట్టుకొనిరి. నీరు దిగకుండ కొలను అడుగున బెంటొనైటు మట్టిని, పాలిథీను పొరను పఱుపవలయునను షరతు విషయమై 2018లో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి సంస్థకు తాఖీదు నిచ్చెను. తాము ప్రమాణములను పాటించితిమనియు, కాలుష్యము తమవలన గాదనియు సంస్థ వాదించెను.

నేను వకీలును, తీర్పు చెప్పువాడను గాను. కాని రుజువు భారమెవరిదో చెప్పగలను. హైదరాబాదునకు నీరిచ్చు హిమాయత్ సాగరము, ఉస్మాన్ సాగరముల రక్షణకై ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలికిని, ఎం.వి. నాయుడుగారికిని నడచిన వ్యాజ్యమున 1999లో సుప్రీముకోర్టు, హాని లేదని చూపు భారము పరిశ్రమ పెట్టువారిదేయని చెప్పెను. రైతు తన బావినీటిని సీసాలోపోసికొని కచ్చేరీలచుట్టు తిరుగ నక్కఱలేదు.

దేశమునకు విద్యుత్తు వలదా, రక్షణ వలదా యని ప్రశ్నింతురు. రెండును వలయును. ఆయుధ రహస్యమును దాచుట ధర్మమే; త్రాగునీటి సంగతి దాచుట ధర్మము గాదు.

అణ్వాయుధములకై యురేనియమును త్రవ్విన అమెరికా 1978లో ఈ వ్యర్థములకై ప్రత్యేక శాసనము చేసికొనెను. వానిపై వేసిన కప్పు సాధ్యమైనంతవఱకు 1,000 ఏండ్లు, ఎట్లైనను 200 ఏండ్లకు తక్కువగాక నిలువవలయునని అచటి నియమము. మోయాబువద్ద కొలరాడో నదియొడ్డున పోసిన 1 కోటి 60 లక్షల టన్నుల వ్యర్థమును 2009 మొదలు రైళ్లమీద 30 మైళ్ల దూరమునకు తరలింపవలసివచ్చెను. మొదట పొర పఱచుట భారమా, తుదకు కొండను మోయుట భారమా, మీరే యోచింపుడు!

కావున మనము కోరవలసినవి నాలుగు. బావుల నీటిని సంస్థతో సంబంధములేని నిపుణులు పరీక్షించి, ఫలితములను తెలుగున పంచాయతీ గోడపై అంటింపవలయును. సందేహము తీరువఱకు గ్రామములకు మంచినీరు సరఫరా కావలయును. గని మూతకు వలయు ధనమును ముందే వేఱుగా నిలువచేయవలయును. ఆ నేల యెట్టిదో అడంగలులోను, రిజిస్ట్రారు పుస్తకములలోను శాశ్వతముగా వ్రాయింపవలయును. లేనిచో రెండు తరముల పిమ్మట నెవడో తెలియక అచట ఇల్లు కట్టును.

కడప సంగతి మనకేల యనకుడు. శ్రీకాకుళపు కొవ్వాడలో అణువిద్యుత్కేంద్రము ప్రతిపాదింపబడియున్నది. రేపు ఏ యూరి వంతో! 2005 నాటి సమాచారహక్కు శాసనము మన చేతనున్నది. ఈ పఠనమందిరము నుండియే ఒక యర్జీ పోవుగాక!

తాత నాటిన టెంకకు మనుమడు పండు తినును. తాత పాతిన విషమును మనుమడు త్రాగు దుర్గతి ఈ నేలకు రాకుండుగాక!