వేషం ఎవరిదైతే తప్పు?

(కొంగర జగ్గయ్య స్మారకోపన్యాసం, కొండకర్ల)



కొండకర్ల ఆవ సరస్సులో పడవంటే తాటి దోనెలే. ఒక్క మానును తొలిస్తే అది ఇటో అటో ఒరిగిపోతుంది. రెండు దోనెల్ని పక్కపక్కన చేర్చి కడితే మాత్రం మనిషి ధైర్యంగా ఎక్కుతాడు. రాజకీయ పార్టీ, సినిమా తార అనే రెండు మానుల్ని తెలుగువాళ్లు ఎప్పుడు జత కట్టారని వెతికితే 1967 దగ్గర ఆగాలి. ఆ ఏడాది కాంగ్రెస్ టికెట్టు మీద ఒంగోలు నుంచి జగ్గయ్య లోక్‌సభకు గెలిచారు. ఓట్లతో లోక్‌సభలో అడుగుపెట్టిన తొలి సినిమా నటుడిగా దేశం ఆయన్నే చెప్పుకుంటుంది.

తెనాలి దగ్గర మోరంపూడిలో పుట్టిన మనిషి. ఢిల్లీ రేడియోలో తెలుగు వార్తలు చదివారు, రవీంద్రుడి గీతాంజలిని తెలుగు చేశారు. ఆ కంచుకంఠం వేదికెక్కితే మైకు ఉన్నా లేకపోయినా ఒకటే. నటుడికి రాజకీయమెందుకని ఆనాడు కాంగ్రెస్‌కు తోచలేదు.

పదిహేనేళ్లు తిరిగేసరికి తోచింది. 1982 మార్చి 29న నందమూరి తారక రామారావు తెలుగుదేశం పెట్టి, పాత షెవ్రొలే వ్యానును చైతన్యరథం చేసి ఊళ్ల మీద పడ్డారు. మొహానికి రంగు పూసుకునేవాళ్లకు పాలన ఏం తెలుసని కాంగ్రెస్ పెద్దలు వెక్కిరించారు. 1983 జనవరి 9న అదే మనిషి హైదరాబాద్ లాల్ బహదూర్ స్టేడియంలో ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. పార్టీ పుట్టి అప్పటికి తొమ్మిది నెలలు దాటిందంతే. ఆరేళ్ల తర్వాత 1989 ఎన్నికల్లో కాంగ్రెస్ ఏం చేసిందో చూడండి. ఏలూరులో హీరో కృష్ణను, రాజమండ్రిలో జమునను నిలబెట్టి ఇద్దరినీ గెలిపించుకుంది. రంగు తప్పని అన్న నోటితోనే రంగును పిలిచి పీట వేసింది. అదే ఎన్నికల్లో రామారావు కల్వకుర్తిలో ఓడి, హిందూపురంలో గెలిచారు. దేవుడి వేషం ఒకచోట చెల్లింది, ఒకచోట చెల్లలేదు.

ఈ రెండు నాల్కల వ్యవహారం తెలుగువాళ్ల సొంతమని ఎవరైనా అనుకుంటే అమెరికా ఊరడిస్తుంది.

1966లో కాలిఫోర్నియా గవర్నర్ పదవికి రొనాల్డ్ రీగన్ పోటీ పడ్డాడు. అప్పటి గవర్నర్, డెమొక్రాట్ పాట్ బ్రౌన్ ఒక ప్రచార చిత్రంలో చిన్నపిల్లలతో మాట్లాడుతూ, తాను ఒక నటుడి మీద పోటీ చేస్తున్నానని, లింకన్‌ను కాల్చిందీ నటుడేనని చెప్పాడు. జనం నవ్వారో లేదో గానీ దాదాపు పది లక్షల ఓట్ల తేడాతో రీగన్‌ను గెలిపించారు. అంటే నటుణ్ణి ఎగతాళి చేసింది ఉదారవాదులు, నెత్తిన పెట్టుకుంది సంప్రదాయవాదులు. రీగన్ కూడా మొదట డెమొక్రాటే, సినిమా నటుల సంఘానికి అధ్యక్షుడిగా చేసినవాడే. 1962లో పార్టీ మారాడు, 1981లో అధ్యక్షుడయ్యాడు.

ఆ తర్వాత పాత్రలు తారుమారయ్యాయి. 2008లో రిపబ్లికన్ జాన్ మెక్కెయిన్ ప్రచార ప్రకటన ఒబామాను పారిస్ హిల్టన్, బ్రిట్నీ స్పియర్స్ సరసన చూపించింది: పేరు తప్ప పస లేనివాడని దాని భావం. 2018లో ఫాక్స్ న్యూస్ వ్యాఖ్యాత లారా ఇన్‌గ్రమ్, రాజకీయాలు మాట్లాడిన బాస్కెట్‌బాల్ ఆటగాడు లెబ్రాన్ జేమ్స్‌ను నోరు మూసుకుని బంతి ఆడుకోమంది. అలా గద్దించడానికి రెండేళ్ల ముందే ఆ పక్షమంతా ఎన్నుకున్న మనిషి ఎవరు? టీవీ రియాలిటీ షోలో ఎదుటివాళ్లను ఉద్యోగం నుంచి తీసేస్తూ ఇంటింటికీ తెలిసిన డొనాల్డ్ ట్రంప్.

2024 జూలైలో మిల్వాకీలో జరిగిన రిపబ్లికన్ మహాసభలో కుస్తీవీరుడు హల్క్ హోగన్ వేదిక మీదే చొక్కా చింపుకున్నాడు. సెప్టెంబరు 10న గాయని టేలర్ స్విఫ్ట్ కమలా హారిస్‌కు మద్దతు ప్రకటిస్తే, పాటలు పాడుకునే పిల్లకు రాజకీయమెందుకని అదే శిబిరం విసుక్కుంది. చివరికి ఏడు కీలక రాష్ట్రాలూ ట్రంప్‌వే అయ్యాయి. సెలబ్రిటీల మాట సామాన్యుడు వినడని సంప్రదాయవాదులు తేల్చేశారు. అందులో నిజం లేకపోలేదు. హాలీవుడ్‌కు, కూరగాయల ధర చూసి వెనక్కి తిరిగే ఇల్లాలికి మధ్య దూరం పెరిగిన మాట వాస్తవమే. కానీ తమ అభ్యర్థే సెలబ్రిటీ అన్న సంగతిని వాళ్లు లెక్కలో వేసుకోలేదు.

ఆ మహాసభలో ఒక తెలుగు ఇంటిపేరు కూడా వినిపించింది. ఉపాధ్యక్ష అభ్యర్థి జె.డి. వాన్స్‌ను సభకు పరిచయం చేసిన భార్య ఉష చిలుకూరి మూలాలు తణుకు దగ్గరి వడ్లూరులో ఉన్నాయని తేలేసరికి ఆ ఊరు పత్రికలకెక్కింది. మన ఆడపడుచు అన్నారు. ఏడాది దాటీ దాటకముందే, 2025 సెప్టెంబరులో, ట్రంప్ ప్రభుత్వం కొత్త హెచ్‌1బీ వీసాకు లక్ష డాలర్ల రుసుము వేసింది. ఆ మాట వినగానే పిల్లల చదువుకు బ్యాంకులో అప్పు తెచ్చిన ఇళ్లలో ఆడపడుచు ముచ్చట సద్దుమణిగింది.

ఇక ఇంటికి వద్దాం. 2008 ఆగస్టు 26న తిరుపతిలో చిరంజీవి ప్రజారాజ్యం పెట్టారు. 2009లో ఆ పార్టీ తరఫున అనకాపల్లి లోక్‌సభకు నిర్మాత అల్లు అరవింద్ నిలబడి ఓడిపోయారు. అదే ఎన్నికలో, అదే గుర్తు మీద, అనకాపల్లి అసెంబ్లీకి గంటా శ్రీనివాసరావు గెలిచారు. ఈ ఒక్క ఉదాహరణ చాలు: ఓటరు కరపత్రం మీది బొమ్మను చూసి మురిసిపోవచ్చు, ఓటు మాత్రం విడిగా తూచి వేస్తాడు. బెల్లం దిమ్మ రంగును దూరం నుంచి చూసి ధర చెప్పేసే వ్యాపారి అనకాపల్లి మార్కెట్‌లో దొరకడు గదా. పద్దెనిమిది సీట్లతో మిగిలిన ప్రజారాజ్యం 2011లో కాంగ్రెస్‌లో కలిసింది.

తమ్ముడు పవన్ కల్యాణ్ కథ పొడుగైంది. 2014లో జనసేన పెట్టారు. 2019లో భీమవరంలోను, మన పక్కనే ఉన్న గాజువాకలోను ఓడిపోయారు. సభలకు వచ్చిన జనమంతా ఓట్లేస్తే అలా జరగదు. ఒకప్పుడు చే గువేరాను ఆరాధించిన ఆయన 2024 అక్టోబరులో తిరుపతిలో వారాహి డిక్లరేషన్ వినిపించి, సనాతన ధర్మ పరిరక్షణకు జాతీయ చట్టం కావాలన్నారు. దాన్ని మెచ్చినవాళ్లూ ఉన్నారు, రీగన్ మారినట్టే మారారని పెదవి విరిచినవాళ్లూ ఉన్నారు. మారడం నేరం కాదు. ఎందుకు మారారో చెప్పమని అడగడం మాత్రం ఓటరు హక్కు.

ఎంత పెద్ద తారకైనా ఓటరు లెక్క ఒక్కొక్కటిగానే పడుతుందని ఈ అనకాపల్లి ప్రాంతానికి ఒకరు చెప్పనక్కర్లేదు. 1989లో, జమున, కృష్ణ గెలిచిన ఆ ఎన్నికల్లోనే, అనకాపల్లి లోక్‌సభ స్థానంలో కాంగ్రెస్ అభ్యర్థి కొణతాల రామకృష్ణ తెలుగుదేశం అభ్యర్థి మీద తొమ్మిది ఓట్ల తేడాతో గెలిచారు. తొమ్మిది వేలు కాదు, తొమ్మిది. ముప్ఫై అయిదేళ్ల తర్వాత, 2024లో, ఆ కొణతాలే అనకాపల్లి అసెంబ్లీకి గెలిచారు. ఈసారి ఆయన గుర్తు గాజు గ్లాసు, పార్టీ ఒక సినిమా నటుడిది.