ముదిరిందా, ముదరబెట్టారా?
(సిద్దిపేటలో చేసిన స్మారకోపన్యాసం)



మనం ఈ రోజు స్మరించుకుంటున్న సారు ఈ పట్నంలో ఎందరికో తెలుగు వ్యాకరణం చెప్పారు. ఆయన పేరిట మాట్లాడే రోజున వ్యాకరణంలోంచే ఒక విషయం ఎత్తుకోవడం న్యాయం. ఉన్న కీడును ఇంకా పెంచడమనే పనికి మనకు ఏయే క్రియలున్నాయి, ఎక్కడ ఏది పొసగుతుంది అన్నది ఈ పూట నా విషయం.

పత్రిక తెరిస్తే ‘తీవ్రతరం చేయు’, ‘విషమించు’, ‘జటిలమగు’ అన్నవే పదేపదే కనిపిస్తాయి. కరువైనా, కొట్లాటైనా, రోగమైనా అవే మాటలు. ఊళ్లో మనిషి అలా మాట్లాడడు. పుండును కెలుకుతాడు, పగను రేపుతాడు, తగాదాను ఎగదోస్తాడు, పిల్లవాణ్ణి చెడగొడతాడు, రోగాన్ని ముదరబెడతాడు. దేన్ని పాడుచేశారో దాన్నిబట్టి క్రియ మారుతుంది. మన సిద్దిపేటలో బట్ట ఖరాబైతది, సంసారం ఆగమైతది. ఈ రెంటినీ తారుమారు చేసి మాట్లాడేవాళ్లు ఇక్కడ అరుదు. ‘ఖరాబు’ అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చి భూమి లెక్కల పహాణీలోకీ ఎక్కింది. సాగుకు పనికిరాని తునకను ‘పోటు ఖరాబు’ అని రాస్తారు. అక్కడ అది నేల గుణం చెప్పే మాట. అదే ‘ఖరాబు జేసిండు’ అనగానే ఒక మనిషి వచ్చి నిలబడతాడు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఈ క్రియల తోకలు. ‘కొట్టు’ చేరిన వాటిని చూడండి: చెడగొట్టు, పడగొట్టు, విరగగొట్టు. దెబ్బ పడింది, పని అయిపోయింది. ‘పెట్టు’ చేరితే తీరు వేరు: నానబెట్టు, మాగబెట్టు, ఆరబెట్టు, ముదరబెట్టు. బియ్యం నానబెట్టినవాడు నీళ్లు పోసి ఊరుకుంటాడు, మిగతా పని కాలానిది. ముదరబెట్టడమూ అంతే. జ్వరం వచ్చిన నాడే దవాఖానకు తీసుకుపోకపోతే, గట్టు పంచాయితీని మొదటి రోజే కూర్చోబెట్టి తెంపకపోతే, ఎవరూ చేయి చేసుకోకుండానే కీడు పెరుగుతుంది. చేయాల్సినప్పుడు చేయకపోవడం కూడా ఒక చేతే అని ఈ క్రియ పట్టి చెబుతుంది. అందుకే ‘ముదరవెట్టిండ్రు’ అన్న మాటలో అంత నింద ఉంటుంది. ‘జ్వరం తిరగబెట్టింది’ అన్నప్పుడు మాత్రం ‘పెట్టు’ ఉన్నా కర్త జ్వరమే. భాష ఏ సూత్రానికీ పూర్తిగా లొంగదు.

ఇప్పుడు ‘విషమించు’ సంగతి. తినిపించు, చేయించు వంటి మాటల్లోని ‘ఇంచు’ ప్రేరణార్థకం. 1858 నాటి బాలవ్యాకరణంలో చిన్నయ సూరి దీన్నే ఇంచుక్కు అన్నాడు. కానీ సంస్కృత శబ్దాల మీద చేరిన ‘ఇంచు’ తరచు మామూలు క్రియను చేసి ఊరుకుంటుంది: విషమించు, వికటించు, క్షీణించు. ఇవి వాటంతటవే జరిగే పనులు. కొత్తగా రాసేవాళ్లు ‘ఇంచు’ను చూసి మోసపోయి ‘పరిస్థితిని విషమించారు’ అని రాస్తున్నారు. ‘విషమింపజేశారు’ అనాలి. అది తప్పొప్పుల మాట, దిద్దుకోవచ్చు. నాకు అసలు బాధ వేరే చోట ఉంది. ‘సమస్య జటిలమైంది’, ‘పరిస్థితి దిగజారింది’ అని నివేదికల్లో చదువుతాం. వ్యాకరణం చక్కగానే ఉంటుంది, కర్త మాత్రం మాయమవుతాడు. చెరువు కట్టకు గండి పడి, పూడ్చకుండా వదిలేస్తే ఊరివాళ్లు ‘గండి ముదరవెట్టిండ్రు’ అంటారు. కాగితం మీద అదే ‘గండి పెరిగింది’ అవుతుంది. ఆ కాగితం చదివినవాడు ఎవరిని నిలదీయాలి?

సామెతలు ఇంకా నిక్కచ్చిగా ఉంటాయి. గోరుచుట్టు మీద రోకటిపోటు అన్నప్పుడు ఎవరి తప్పూ లేదు, కష్టం మీద కష్టం వచ్చింది. పుండు మీద కారం చల్లడంలో కావాలని చేసిన చేయి ఉంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడటంలో మంచి చేయబోయిన తొందర ఉంది. విధి, పగ, తెలివితక్కువ మేలు: మూడింటికీ మూడు మాటలు. వార్తల్లో ఈ మూడూ కలిసి ‘మరింత తీవ్రమైంది’ అయిపోతున్నాయి. ‘ఆజ్యం పోశారు’ పత్రికల్లో ఇంకా బతికే ఉంది, దాన్నీ సందర్భం చూడకుండా వాడుతున్నారు. మంట ఇదివరకే అంటుకుని ఉండాలి, పోసేవాడు చూస్తూ పోయాలి. తెలియక చేసినవాణ్ణి ఆ మాట అనకూడదు.

ఈ పట్నం గొల్లభామ చీరలకు పేరుపడింది. తలపై కుండ పెట్టుకున్న గొల్లభామను పోగు పోగుగా ఎక్కించే నేత అది. పోగు చిక్కుపడితే నేతగాళ్లు గుంజనివ్వరు. ‘గుంజకు, ఇంకా బిగుస్తది’ అంటారు. బలం పెట్టినకొద్దీ బిగుసుకునే కీడుకు ‘బిగించు’ ఎంత సరైన మాటో చూడండి. మాటల పంచాయితీకీ అది అట్లాగే అతుకుతుంది. ‘బిగించు’కు ఈ అర్థం కోసం నిఘంటువుల దగ్గర ఆగకుండా మగ్గం దగ్గరికే పోవాలి. భాషావేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు మాండలిక వృత్తి పదకోశంలో వ్యవసాయానికి 1962లో మొదటి సంపుటం తెచ్చారు, చేనేతకు 1971లో రెండోది వచ్చింది. వాటిలో పనిముట్ల పేర్లు, పనుల పేర్లు సమృద్ధిగా దొరుకుతాయి. పని పాడైనప్పుడు పనివాళ్లు పలికే క్రియల కోసం మళ్లీ బయలుదేరాలని నా కోరిక.

ఈ సభలో డిగ్రీ విద్యార్థులు చాలామంది ఉన్నారు. సెలవుల్లో ఊళ్లకు పోయినప్పుడు మగ్గం దగ్గర, పత్తి చేలో, దవాఖాన వరండాలో, పంచాయితీ అరుగు మీద కూర్చుని వినండి. ‘ఎట్ల చెడింది?’ అని అడిగితే చెడినదాని కథ చెబుతారు. ‘ఎవరు చెడగొట్టిండ్రు?’ అని అడగండి, క్రియలు వస్తాయి. విన్న వాక్యాన్ని విన్నట్టే, ఏ సందర్భంలో అన్నారో సహా రాసి మీ తెలుగు అధ్యాపకులకు ఇవ్వండి.