హాజరుపట్టీలో లేని అమ్మాయి

పట్టా అందుకుంటున్న అమ్మాయిలూ అబ్బాయిలూ,

2020 జూన్‌లో మీలో చాలామంది కరోనా కారణంగా పరీక్ష రాయకుండానే పదో తరగతి పాసయ్యారు. ఆ ఏడు మీతో చదివిన అమ్మాయిల్లో ప్లస్ వన్‌లో మళ్లీ కనబడనివాళ్లు ఎవరెవరో గుర్తు చేసుకోండి. నేను మాట్లాడేది వాళ్లలో చిన్నవయసులోనే పెళ్లయిపోయినవాళ్ల గురించే.

బాల్యవివాహం కరోనాతో వచ్చింది కాదు. మన హోసూరు దగ్గరి అంచెట్టి, తళి, డెంకణికోట పక్క కొండపల్లెల్లో పద్దెనిమిది నిండకుండానే మేనమామకు కట్టబెట్టడం ముందునుంచీ ఉన్నదే. దాన్ని అంతో ఇంతో ఆపుతూ వచ్చింది బడి. పిల్ల రెండు రోజులు రాకపోతే ఎందుకని అడిగే టీచరు ఉండేవారు. బడి మూతపడగానే ఆ అడగడం ఆగిపోయింది. అధికారులు కరోనా పనుల్లో మునిగిపోయారు. సిప్‌కాట్ పారిశ్రామికవాడలో పనులు పోయాయి, హోసూరు గులాబీలను కొనే దిక్కు లేకపోయింది. పదిమందితో, తక్కువ ఖర్చుతో పెళ్లి ముగించే వీలు దొరికింది. అప్పుల్లో ఉన్న తండ్రి భయం నాకు అర్థమవుతుంది, కానీ ఆ భయానికి మూల్యం కూతురు చెల్లించడం అన్యాయం.

బాల్యవివాహ నిషేధ చట్టం కింద దేశంలో 2019లో 523 కేసులు నమోదైతే, 2020లో 785 నమోదయ్యాయి. ఇవి బయటపడ్డవి మాత్రమే. కరోనా వల్ల పదేళ్లలో అదనంగా కోటిమంది బాలికలకు ఈ ముప్పు ఉందని యూనిసెఫ్ 2021 మార్చిలో హెచ్చరించింది.

జబ్బు తగ్గాక అంతా సర్దుకుందని అనుకున్నాం. అసలు పొరపాటు అక్కడే జరిగింది. తమిళనాడులో ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు బడి తెరిచింది 2021 నవంబరు 1న, దాదాపు పందొమ్మిది నెలల తర్వాత. తెరిచిన రోజు ఎవరు వచ్చారో లెక్క రాశాం. రానివాళ్ల ఇంటికి ఎందరం వెళ్లాం? 2025 మార్చిలో అంచెట్టి పక్క కొండపల్లె పిల్లను ఏడుస్తున్నా వినకుండా మోసుకుపోయిన వీడియో మీరూ చూసే ఉంటారు. ఆమెకు పద్నాలుగేళ్లు. ఏడో తరగతితో చదువు ఆగింది. బెంగళూరులో పెళ్లి చేశారు, ఇష్టం లేదని పుట్టింటికి వచ్చేసింది. ఆ తర్వాతే ఆమెను అలా మోసుకుపోయారు. బడులు మూసిననాటికి ఆమె తొమ్మిదేళ్ల పిల్ల. ఏడో తరగతి తర్వాత బడికి రాని ఆమె కోసం ఆ గుమ్మం ఎవరైనా గట్టిగా తట్టి ఉండాల్సింది.

సరిహద్దు దాటి కర్ణాటకలో పెళ్లి చేస్తే ఎవరికీ తెలియదని మనవాళ్ల నమ్మకం. కర్ణాటక 2016లో చేసిన చట్ట సవరణ ప్రకారం అక్కడ జరిగిన బాల్యవివాహం మొదటినుంచే చెల్లదు. మన తమిళనాడులో పెళ్లి రద్దు కోరాలంటే ఆ అమ్మాయి ఇరవై ఏళ్లు నిండేలోగా కోర్టుకు వెళ్లాలి. ఈ మాట పెళ్లయిన పిల్లకు చెప్పేవాళ్లు దాదాపు లేరు, మీరు చెప్పండి. పెళ్లి జరగబోతుందని తెలిస్తే 1098కి ఫోన్ చేయండి, మీ పేరు బయటకు రాదు. మేజిస్ట్రేటు ఆపమని ఉత్తర్వు ఇచ్చాక చేసిన పెళ్లి చెల్లదు.

మీ పక్క బెంచీ అమ్మాయిలకు ఇప్పుడు ఇరవయ్యో ఇరవై ఒకటో. చాలామందికి ఆ కోర్టు గడువు దాటిపోయి ఉంటుంది. చదువుకు మాత్రం గడువు లేదు. ఈ వారంలోనే వాళ్లను వెతకండి. చంకలో బిడ్డతో ఉన్నా సరే, ప్రైవేటుగా పరీక్షలు రాస్తావా అని అడగండి. రాస్తానంటే దరఖాస్తు నింపిపెట్టి, పరీక్ష ఫీజు మీరే కట్టండి.