పౌవిస్ కోట – మన దత్తమండలాలు



బ్రిటన్‌లోని వేల్స్‌లో, వెల్ష్‌పూల్ ఊరి పక్కన, ఎర్రరాతి కోట ఒకటి ఉంది. పేరు పౌవిస్. 13వ శతాబ్దంలో అక్కడి రాజవంశీకులు కట్టించారు. 1587లో హెర్బర్టు కుటుంబం దాన్ని కొన్నది. క్రమంగా యుద్ధపు కోట జమీందారీ బంగళాగా మారింది. పొడవైన చిత్రశాల, వైభవమైన పడకగది, కొండవాలున మెట్లు మెట్లుగా తోట అమరాయి. అయితే 18వ శతాబ్దం చివరికి మరమ్మతులు లేక ఇల్లు పాడుపడసాగింది.

దాన్ని నిలబెట్టింది ఒక పెళ్లి. 1784లో హెర్బర్టుల ఆడపడుచు హెన్రియెట్టాను ఎడ్వర్డ్ క్లైవు వివాహమాడాడు. ఈయన ప్లాసీ యుద్ధం గెలిచిన రాబర్ట్ క్లైవు కుమారుడు. తండ్రి ఇండియాలో గడించిన సొమ్ము ఆ విధంగా కోటకు చేరింది. ఎడ్వర్డు 1798 నుంచి 1803 వరకు మద్రాసు గవర్నరు. 1799లో శ్రీరంగపట్నం పడిపోయి టిప్పు సుల్తాను మరణించాడు. ఆయన సింహాసనంపై ఉండిన బంగారు పులి తల ఒకటి, పూల అద్దకం గుడారం కోటకు చేరాయి. ఆ గుడారాన్ని తోట విందులకు వేసేవారట!

ఇక మన సంగతి. ఆయన గవర్నరుగా ఉండగానే, 1800లో, నిజాం కడప, బళ్లారి ప్రాంతాలను కుంపిణీకి ధారాదత్తం చేశాడు. అవే దత్తమండలాలు. వాటిని పాలించడానికి మన్రో వచ్చాడు. 1928లో నంద్యాలలో ‘రాయలసీమ’ అని పేరు పెట్టుకునేదాకా మనకు ఆ పేరే మిగిలింది.

1952లో ఆ కోట నేషనల్ ట్రస్టు చేతికి వచ్చింది. 1987లో క్లైవు మ్యూజియం తెరిచారు. వెయ్యికి పైగా ప్రాచ్యదేశాల వస్తువులున్నాయి. వలస పాలనతో సంబంధమున్న 93 స్థలాలను 2020లో ఆ ట్రస్టే నివేదికగా ప్రకటించింది. అందులో పౌవిస్ ఉంది.

మనమంతా స్టాకు రిజిస్టర్లు రాసినవాళ్లం. వస్తువు ఉంటే చాలదు, ఎలా వచ్చిందో కూడా రాయాలి. లేకుంటే ఆడిట్ వారు ఊరుకోరు. ఆ పద్దు రెండు వందల ఏళ్లు ఆలస్యంగానైనా పడింది. వస్తువులు తిరిగి ఇవ్వాలా వద్దా అన్నది తర్వాతి మాట. ముందు పద్దు సరిగా ఉండాలి. మీ పిల్లలు అటు వెళితే తోట చూసి మెచ్చుకోమనండి. ఆ గుడారం ముందు కూడా ఒక్క నిమిషం నిలబడమనండి.