దస్తావేజుల్లో మాటల తమాషా



ఆత్తిపట్టు మొదలుకొని తిరుత్తణి దాకా మన తెలుగువాళ్లకు ఇంట్లో ఒక భాష, ఆఫీసులో ఒక భాష. తిరుత్తణి ప్రాంతం 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో చేరింది. అంతకుముందు అది చిత్తూరు జిల్లా. అందువల్ల తాత కొన్న పొలానికి తెలుగు దస్తావేజు, మనవళ్ల భాగాలకు తమిళ పత్రం ఉండటంలో వింత లేదు. పొలం మాత్రం ఉన్నచోటనే ఉంది.

చిత్రమేమంటే, ఈ రెండు భాషలూ కోర్టులో మాత్రం రాజీపడ్డాయి. మన వాయిదా వాళ్లకూ వాయ్‌దాయే. జప్తు జప్తి అయింది, వకాల్తా వక్కాలత్తు అయింది. జామీను, జమాబందీ ఇద్దరివీ. నిజానికి ఇద్దరివీ కావు. పారశీకం, అరబ్బీల నుంచి నవాబుల కచేరీల మీదుగా వచ్చినవి. వచ్చేటప్పుడు ఒకటి దారిలో తిరగబడినట్టుంది. ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసినవాడు. తెలుగులో ముద్దాయి అంటే దావా పడ్డవాడు! ఒక్క దీర్ఘంతో మనిషి బోను మారిపోయాడు.

పోరంబోకు మాత్రం అచ్చమైన తమిళం. పుఱం అంటే బయట, పోక్కు అంటే పోవడం. పన్ను లెక్కకు బయట పోయిన నేల. పనీపాటా లేని కుర్రవాడికి ఈ పేరు తగిలించడంలో మనకూ తమిళులకూ సరిహద్దు తగాదా లేదు.

ఒకేలా వినిపించే మాటలతోనే చిక్కు. గుమాస్తా "నకలు కావాలా?" అంటే మనవాడు వచ్చిన తమిళంలో "అవసరం ఇల్లె" అంటాడు. అక్కర్లేదని ఇతని భావం. తమిళంలో అవసరం అంటే తొందర. తొందరేమీ లేదన్నాడనుకుని గుమాస్తా ఇతన్ని సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చోబెడతాడు. అక్కడ 'కిరయప్ పత్తిరం' అంటే అమ్మకం పత్రం. మన చెవికి అది కిరాయిలా వినబడుతుంది. ఇల్లు అద్దెకిస్తున్నామనుకుని అమ్మేసుకోవచ్చు!

వీటన్నిటికంటె తియ్యని పేరు 'విడుదలైప్ పత్తిరం'. విడుదల అంటే ఎవరికి సంతోషం కాదు? ఇక్కడ విడుదలయ్యేది మనిషి కాదు, ఆస్తిలో ఆ మనిషి హక్కు. 2005లో హిందూ వారసత్వ చట్టం మారి, పిత్రార్జితంలో కూతుళ్లకు కొడుకులతో సమానహక్కు దేశమంతటా వచ్చింది. ఆడబిడ్డల సంతకం లేకుండా పొలం కొనడానికి జనం జంకుతారు. అందుకని ఈ పత్రం మీద ఎక్కువగా వాళ్ల వేలిముద్రలే కావలసి వస్తాయి.

1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం, జిల్లాలో వాడుకలేని భాషలో, రిజిస్ట్రారుకు అర్థంకాని భాషలో పత్రం ఉంటే అనువాదం జతచేయాలి. అధికారికి అర్థం కావాలన్న పట్టింపు మంచిదే. వేలిముద్ర వేసే ఆమెకు అర్థం కావాలన్న ముక్క మాత్రం ఆ సెక్షన్‌లో లేదు. ఆమెకు అనువాదకుడు పక్కన కూర్చున్న మేనల్లుడే.

ఆ అబ్బాయి "ఇది విడుదల పత్రం అంట, వేలు పెట్టత్తా" అంటే అబద్ధమేమీ కాదు. కానీ అతను చెప్పవలసింది, "అత్తా, తాత పొలంలో నీ భాగం మా నాయనకు రాసిస్తుండావు" అని.