సుడినీటిలో ఒంటి తెడ్డు

భద్రాచలమునకు ఎగువన దుమ్ముగూడెము వద్ద గోదావరి రాళ్ళను ఒరసికొని పారును. 19వ శతాబ్దమున పడవల రాకపోకలకై అచ్చట ఆనకట్టయు, లాకులును నిర్మింపబడినవి. వేగమును అడ్డగించుట ఇంజనీరు మార్గము. ఆ వేగమునే వాహనముగా చేసికొనుట పడవవాని మార్గము.

ఈ రెండవ విద్యయే ‘స్లాలమ్’ పందెమైనది. హోరెత్తు నీటిపై జంటకఱ్ఱలు వ్రేలాడుచుండును. ఆకుపచ్చ ద్వారములను ప్రవాహముతో పోవుచు, ఎఱ్ఱనివానిని ఎదురేగుచు దాటవలెను. కఱ్ఱ తగిలిన 2 సెకనులు, ద్వారము తప్పిన 50 సెకనులు కాలమునకు చేరును.

స్లొవేకియా దేశీయుడు మిహాల్ మార్టికాన్ మోకాళ్ళపై నిలిచి, ఒంటి తెడ్డుతో ఈ విద్య సాధించెను. 1996లో అట్లాంటా ఒలింపిక్సున 17 ఏండ్లకే స్వర్ణము గెలిచెను. స్వతంత్ర స్లొవేకియాకు అదియే తొలి ఒలింపిక్ స్వర్ణము. 2004లో ఏథెన్సున ఒక్క కఱ్ఱ స్పర్శకు 2 సెకనులు చేరగా, ఫ్రాన్సు వీరుడు టోనీ ఎస్టాంగె 0.12 సెకను తేడాతో నెగ్గెను. మార్టికాన్ తెడ్డు విడువలేదు. 2008లో బీజింగున స్వర్ణము మరల ఆతనిదే.

నీటి పోకడ నెఱిగిన చేతులు మన గోదావరి తీరమున కొదవ కాదు. ఆ చేతులకు శిక్షణ చూపు బాధ్యత మాత్రము మనది.